ఇరవై నిమిషాల అతిథి

(వాక్యభాగము: అపొ. కార్య. 17:16-34)



పల్లెలలో ఉండే మన సంఘస్థులు పట్టణమునకు వెళ్లినప్పుడు చక్రము గుర్తునో సింహము గుర్తునో ఎక్కడో ఒకచోట చూచియుంటారు. బస్టాండులో మంచినీళ్ల కుళాయి మీద, శ్మశానవాటిక గేటు మీద, కంటి వైద్య శిబిరము బ్యానరు మీద ఆ గుర్తులు కనబడతాయి. చక్రము రోటరీ క్లబ్బుది, సింహము లయన్స్ క్లబ్బుది. వీటిని సేవా సంఘములంటారు. వారు చేసే సేవ నలుగురికీ తెలుస్తుంది గాని, వారము వారము వారు కూడుకొన్నప్పుడు లోపల ఏమి జరుగుతుందో బయటివారికి తెలియదు. "అయ్యగారూ, అక్కడ పేకాట ఆడతారంటగా?" అని మా సంఘములోని ఒక పెద్దాయన మమ్మును అడిగారు. క్లబ్బు అనే మాటకు మన పల్లెలలో స్థిరపడిన అర్థము అదే మరి.

మేము 2012 నుండి 2019 వరకు ఒక చిన్న పట్టణములోను, దాని చుట్టునున్న తొమ్మిది పల్లెలలోను సంఘ పరిచర్య చేశాము. ఆ పట్టణములోని సేవా సంఘము వారు మమ్మును ఒకసారి మాట్లాడుటకు పిలిచి, తరువాత గౌరవ సభ్యులుగా చేర్చుకొన్నారు. పల్లె కూటములు లేని మంగళవారములలో మేము అక్కడికి వెళ్లేవారము. పేకలు మాకు ఎన్నడూ కనబడలేదు. వారమునకొక అతిథి వచ్చి మాట్లాడేవారు. ఆ అతిథులను గూర్చి, వారి మాటలలో కొన్ని మా సంఘములోనికి నడిచివచ్చి చేసిన పనిని గూర్చి ఈ నెల మీతో పంచుకొనగోరుచున్నాము.

కూటము జరిగే తీరు

రైసు మిల్లర్ల సంఘము వారి మేడ మీది హాలులో, మంగళవారము రాత్రి ఏడున్నరకు కూటము. సభ్యులు ముప్పైమందికి కొంచెము అటూ ఇటూ. మిల్లు యజమానులు, ఎరువుల కొట్టు ఆయన, బంగారపు వర్తకుడు, ఇద్దరు డాక్టర్లు, ప్లీడరు గారు, బ్యాంకు మేనేజరు, పదవీ విరమణ చేసిన హెడ్మాస్టరు గారు ఇలా రకరకాల పనులవారు ఉండేవారు. ఒకే వృత్తివారు గుంపుగా చేరిపోకుండ, అన్ని వృత్తులవారూ ఉండునట్లు చూచుట ఈ సంఘముల పాత ఆచారము.

అధ్యక్షుడు బల్ల మీది ఇత్తడి గంటను చిన్న సుత్తితో కొట్టగానే కూటము ఆరంభము. ప్రార్థన, పుట్టినరోజుల శుభాకాంక్షలు, కార్యదర్శి ప్రకటనలు, ఆ తరువాత అతిథి. ఒక సభ్యుడు ఆయనను పరిచయము చేస్తాడు. అతిథికి ఇరవై నిమిషములు, ప్రశ్నలకు పది నిమిషములు. ఒకరు వందన సమర్పణ చేస్తారు. శాలువా, జ్ఞాపిక, జాతీయ గీతము. గంట కొట్టింది మొదలు మళ్లీ గంట కొట్టే వరకు సరిగా గంటన్నర. పిమ్మట కింద ఇడ్లీలు, కాఫీ.

ఈ సంగతి ఇంట చెప్పగా అమ్మగారు విని, "ఆ గంట ఏదో ఆదివారము మన బల్ల మీద కూడా పెట్టిస్తే బాగుండునండీ" అన్నారు. సంఘములో స్త్రీల సమాజమంతా ఆ మాటను ఏకగ్రీవముగా బలపరచినట్లు తరువాత తెలిసినది!

వీటి పుట్టుక

1905 ఫిబ్రవరి 23న అమెరికాలోని చికాగో నగరములో పాల్ హారిస్ అనే న్యాయవాది మరి ముగ్గురితో కలిసి మొదటి కూటము జరిపాడు. పల్లెటూరిలో తాతయ్య, నాయనమ్మల దగ్గర పెరిగిన ఆయనకు అంత పెద్ద నగరములో పలుకరించే దిక్కు లేకపోయింది. ఒక వారము ఒకరి ఆఫీసులో, మరొక వారము ఇంకొకరి ఆఫీసులో చక్రము తిరిగినట్లు కూడుకొన్నారు గనుక దానికి రోటరీ అను పేరు వచ్చినది. 1917లో అదే నగరములో మెల్విన్ జోన్స్ అనే భీమా వ్యాపారి పూనికతో లయన్స్ క్లబ్బులు మొదలైనవి. రోటరీ 1919లో కలకత్తాకును, లయన్స్ 1956లో బొంబాయికిని వచ్చినవి. రోటరీవారు లేచి నిలువబడి నాలుగు ప్రశ్నలు చదువుతారు: మనము తలచేది, చెప్పేది, చేసేది సత్యమేనా, అందరికీ న్యాయమేనా, స్నేహమును పెంచునా, అందరికీ మేలు చేయునా అని వాటి భావము. 1932లో దివాలా తీయనున్న వంటపాత్రల కంపెనీని చేతికి తీసుకొన్న హెర్బర్ట్ టేలర్ అనే మెథడిస్టు విశ్వాసి, తన బల్ల దగ్గర ప్రార్థన చేసి వాటిని వ్రాసుకొన్నాడు. ఈ సంగతి ఆ క్లబ్బులలోనే చాలామందికి తెలియదు.

అతిథి మాటకు ఎంత బలమున్నదో చూపే సంఘటన 1925లో జరిగినది. ఆ సంవత్సరము జూన్ 30న ఒహైయో రాష్ట్రములోని సీడార్ పాయింట్ అను చోట లయన్స్ వారి మహాసభకు హెలెన్ కెల్లర్ అతిథిగా వచ్చింది. పందొమ్మిది నెలల ప్రాయములోనే చూపును, వినికిడిని పోగొట్టుకొన్న స్త్రీ. అప్పటికి ఆమెకు నలువది అయిదేండ్లు. గ్రుడ్డివారి పక్షముగా, చీకటికి విరోధముగా పోరాడే యోధులు కండని ఆమె వారిని అడిగింది. అడిగింది ఒక్కసారే. ఆ సభ ఆమె మాటను తమ పనిగా తీసుకొన్నది. ఈ రోజున మన మండల కేంద్రాలలో బడి ఆవరణలో షామియానా వేసి, వృద్ధులకు కంటిలో చుక్కల మందు వేసి, శుక్లముల ఆపరేషనుకు బస్సెక్కించే శిబిరములు అనేకము ఆ వరుసలోనివే. చూడలేని, వినలేని అతిథి మాట చూపున్నవారికి దారి చూపినది.

సంఘ పెద్దల ప్రశ్న

"లోకస్థుల సభలో మన అయ్యగారికి ఏమి పని?" అని పెద్దల కూటములో ఒకరు అడిగారు. ప్రేమతో అడిగిన ప్రశ్న, అడుగదగిన ప్రశ్న. మేము అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము తెరిచాము. ఏథెన్సువారికి ఏదో ఒక క్రొత్త సంగతి చెప్పుటయు వినుటయు తప్ప వేరే పని లేదని లూకా అక్కడ వ్రాశాడు. అట్టివారు పౌలును అరేయొపగుకు తీసుకొనిపోయి మాట్లాడమన్నారు. పౌలు వెళ్లాడు. వారు ఎరిగిన బలిపీఠముతో మొదలుపెట్టాడు, వారి కవుల మాటను ఎత్తుకొన్నాడు. విని కొందరు అపహాస్యము చేశారు, కొందరు మరొకసారి వింటామన్నారు, దియొనూసి, దమరి మొదలైన కొందరు విశ్వసించారు. అంతకు ముందు పిసిదియలోని అంతియొకయలో సమాజమందిరపు అధికారులు కొత్తగా వచ్చిన పౌలు బర్నబాలను చూచి, హెచ్చరిక మాట ఏదైన ఉంటే చెప్పండని కబురు పంపారు (13:15). అతిథికి మాట ఇచ్చుట మంచి మర్యాద. పిలిచిన చోటికి వెళ్లుట అపొస్తలుని మర్యాద.

అయితే ఆ క్లబ్బుకు ఒక నియమమున్నది. మత ప్రచారము, రాజకీయ ప్రచారము అక్కడ చేయరాదు. ఒకరింటికి భోజనమునకు వెళ్లినవాడు ఆ ఇంటి పద్ధతి పాటించవలెను గదా! అందుచేత మేము మాట్లాడిన దినమున బకింగ్‌హాం కాలువను అంశముగా తీసుకొన్నాము. 1876 నుండి 1878 వరకు వచ్చిన గొప్ప కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఆ కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వే పనిని కాంట్రాక్టుగా తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇచ్చి బ్రతికించాడు. ఆ కరువు ఉన్నంత కాలము బాప్తిస్మమిచ్చుటను ఆపివేశాడు. సభలోని ఒక కాంట్రాక్టరు లేచి, "అదేమిటండీ, జనము వచ్చేటప్పుడే ఆపటమెందుకు?" అన్నాడు. అన్నము కొరకు వచ్చినవారెవరో, దేవుని కొరకు వచ్చినవారెవరో తెలియవలెనని ఆపాడు అన్నాము. హాలు కాసేపు నిశ్శబ్దమైనది. కరువు తీరిన తరువాత 1878 జూలై 3న ఒక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరన్న సంగతిని మేము చెప్పలేదు. ఆ హెడ్మాస్టరు గారే చదివి తెలిసికొని, మరుసటి వారము కాఫీ దగ్గర మాకు చెప్పారు.

శాలువాలు, మాటలు

ఏడేండ్లలో విన్న అతిథులు అందరూ ఒకే తీరున లేరు. తమను గూర్చియే పదిహేను నిమిషములు చెప్పి, అంశమునకు అయిదు నిమిషములు మిగిల్చినవారు ఉన్నారు. గంటన్నర ఆలస్యముగా వచ్చి, దండ వేయించుకొని, ఫోటో దిగి, మరో సభ ఉన్నదని వెళ్లినవారు ఉన్నారు. జీవితములో విజయము సాధించుటకు ఏడు మెట్లు చెప్పి ఏడవ మెట్టు మరచిపోయిన యువకుడు కూడా ఒకరు ఉన్నారు. వారిని ఎగతాళి చేయుటకు ఈ మాట వ్రాయలేదు. ప్రసంగపీఠమెక్కే మనవంటివారికి అది అద్దము.

మేలు చేసిన మాటలు ఎక్కువగా శాలువా కప్పించుకొనే అలవాటు లేనివారి నోటనుండి వచ్చాయి. పల్స్ పోలియో పనిచేసిన ఒక నర్సమ్మ ఇంటింటి తలుపు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టిన సంగతి చెప్పింది. చుక్కలు పడని బిడ్డ ఒక్కడు ఉన్నా ఆ ఇంటికి రెండవసారి, మూడవసారి వెళ్లేవారట. మన దేశములో పోలియో చివరిసారి కనబడినది 2011 జనవరి 13న, పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో. 2014 మార్చి 27న మన ప్రాంతపు దేశములన్నిటికీ పోలియో లేదని ధ్రువపత్రము వచ్చినది. ఆ మరుసటి మంగళవారమే ఆమెను పిలిచారు. "పత్రము ఢిల్లీలో ఇచ్చారు. సుద్దముక్క మాత్రం మాదేనండి" అని నవ్వింది.

ఒకసారి వానకాలములో విద్యుత్తు శాఖ లైన్‌మన్‌ను పిలిచారు. వేదిక మీద కుర్చీ వేస్తే ఆయన కూర్చోలేదు, ఒక మూలగా నిలువబడ్డాడు. "నా సర్వీసులో ఏడుగుర్ని ట్రాన్స్‌ఫార్మరు మీదినుంచి ఈ చేతుల్తో దించాను. ఏడుగురూ రైతులే" అన్నాడు. రాత్రి పూట ఫ్యూజు పోతుంది. మడి ఎండిపోతున్నదని రైతు ఎవరికోసమూ ఆగడు. స్విచ్చి దించాను గదా అనుకొని చెయ్యి పెడతాడు. మూడు బ్లేడ్లలో ఒకటి సరిగా విడిపడకపోతే ఆ తీగలో కరెంటు అట్లాగే ఉంటుంది. స్టార్టరు డబ్బా ఇనుపది, దానికి ఎర్తు తీగ లేకపోతే తడి చేతితో, వట్టి కాళ్లతో ముట్టినవాడు తిరిగిరాడు. బట్టలారవేసుకొనే ఇనుప తీగ సర్వీసు వైరుకు తగలకూడదు, దాని బదులు నైలాను తాడు కట్టుకోవలెను. తెగిపడిన తీగ దగ్గరకు వెళ్లరాదు. షాకు తగిలినవాని మీద చెయ్యి వేయకుండ ముందు కరెంటు ఆపవలెను. ఇంతే ఆయన ప్రసంగము. పదకొండు నిమిషములు పట్టినది. ప్రశ్నలు నలువది నిమిషములు సాగాయి. అధ్యక్షుడు ఆ రాత్రి గంట కొట్టలేదు.

మరొక మంగళవారము ప్రభుత్వాసుపత్రి డాక్టరు గారు పాముకాటును గూర్చి చెప్పారు. మన ప్రాంతములో ప్రాణము తీసేవి ముఖ్యముగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. కాటు వేసినచోట కోయరాదు, నోటితో పీల్చరాదు, తాడు బిగించి కట్టరాదు, పసరు పోయరాదు. ఉంగరములు, గాజులు, కడియములు తీసివేసి, కరచిన కాలో చెయ్యో కదలకుండ ఉంచి, నడిపించకుండ ఆసుపత్రికి చేర్చవలెను. మందు అక్కడ ఉన్నది, మంత్రములో లేదు. కట్లపాము రాత్రివేళ నేల మీద పడుకొన్నవారిని కరుస్తుంది, నొప్పి అంతగా తెలియదు. తెల్లవారేసరికి కడుపులో నొప్పి, కనురెప్పలు వాలిపోవుట కనబడితే ఆలస్యము చేయరాదు. మంచము మీద దోమతెర కట్టుకొని పడుకొనుట చాలవరకు కాపాడుతుంది.

ఆ వారమంతా మా తొమ్మిది పల్లెలలోను గృహకూటముల చివర మేము ఈ మాటలే చెప్పాము. రెండు నెలలు గడువకముందే ఒక పల్లెలో ఊడ్పుల దగ్గర సంఘపు అమ్మాయిని పాము కరచినది. ఊరివారు మంత్రగాని ఇంటికి తీసుకొనిపోబోయారు. ఆ ఊరి సంఘ పెద్ద అడ్డము నిలిచి, ఆమె గాజులు తీయించి, మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చుండబెట్టి పద్నాలుగు కిలోమీటర్లు తీసుకొనివచ్చాడు. ఎనిమిదవ దినమున ఆమె ఇంటికి తిరిగివెళ్లినది. ఆ ఆదివారము కృతజ్ఞతార్పణగా కానుక పెట్టె దగ్గరకు తానే నడిచివచ్చినది.

కన్నుల సంగతి

2016 ఆగస్టు చివరి వారములో ఒక నేత్రనిధి నుండి ఒక యువతి వచ్చింది. ఏటేటా ఆగస్టు 25 నుండి సెప్టెంబరు 8 వరకు మన దేశములో నేత్రదాన పక్షోత్సవములు జరుగుతాయి. ఆమె నెమ్మదిగా మాట్లాడినది. కంటి ముందు భాగములో గడియారపు అద్దమువంటి పొర ఒకటి ఉంటుంది, దానిని కార్నియా అంటారు. దెబ్బ వలననో, పుండు వలననో అది తెల్లబడితే చూపు పోతుంది. అట్టివారికి చనిపోయినవారి కార్నియా పెడితే చూపు వచ్చే అవకాశమున్నది. ఈ ఆపరేషను మొదటిసారి సఫలమైనది 1905 డిసెంబరులో, ఎడ్వర్డ్ జిర్మ్ అనే వైద్యుని చేతిమీదుగా. అన్ని రకముల అంధత్వమునకూ ఇది మందు కాదు. అయితే ఒకరి దానము ఇద్దరికి ఉపయోగపడవచ్చును.

ఇంకా ఆమె చెప్పినవి: ప్రాణము పోయిన ఆరు గంటలలోగా తీయవలెను. పని అరగంట లోపే అయిపోతుంది, ముఖము వికారము కాదు. కండ్లద్దాలు పెట్టుకొన్నవారు, శుక్లముల ఆపరేషను అయినవారు, చక్కెర వ్యాధి ఉన్నవారు, వృద్ధులు కూడా ఇవ్వవచ్చును. ఎయిడ్సు, పచ్చకామెర్ల వైరసు, కుక్కకాటు జబ్బు వంటివాటితో మరణించినవారి కన్నులు తీసుకొనరు. డబ్బు ఇచ్చుట, పుచ్చుకొనుట నేరము. నేత్రనిధివారు వచ్చే లోపల రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టి ఉంచవలెను. "ఫారము మీద సంతకము ఒక్కటే చాలదండీ. ఆ సమయములో ఫోను చేయవలసింది మీ ఇంటివాళ్లు. వాళ్లకు చెప్పారా?" అని అడిగింది.

ఆ రాత్రి పద్దెనిమిది మంది సంతకములు చేశారు. ఎరువుల కొట్టు ఆయన అందరికంటె ముందు లేచాడు. చప్పట్లు మ్రోగాయి.

2017లో ఆయన గుండెపోటుతో ఉన్నట్టుండి చనిపోయాడు. ఇల్లంతా దుఃఖములో మునిగిపోయినది. ఎవరికీ ఏమీ జ్ఞాపకము రాలేదు. ఆ కార్డు కొట్టులో గల్లాపెట్టె అరలో ఉన్నది. తరువాతి నెల ఆయన కుమారుడు మంగళవారము కూటమునకు వచ్చి, ఒక్క మాట చెప్పనివ్వండని అడిగాడు. "మా నాన్నగారు సంతకము చేశారని పెద్దకర్మ అయినాక తెలిసింది. తెలిసుంటే ఇచ్చేవాళ్లము. మీలో సంతకము చేసినవాళ్లు ఈ రాత్రి ఇంటికి పోయి చెప్పండి." రెండు నిమిషములు కూడా పట్టలేదు. శాలువా లేదు, జ్ఞాపిక లేదు. ఏడేండ్లలో మేము విన్న అతిథి ప్రసంగములలో అంతకు మించినది లేదు.

ఆ బుధవారము ప్రార్థన కూటములో ఈ సంగతి మేము సంఘమునకు చెప్పాము. చెప్పగానే ఒక వృద్ధుడు లేచి, "అయ్యగారూ, కడబూర మ్రోగినప్పుడు కన్నుల్లేకుండా లేస్తామా? ప్రభువును ఎట్లా చూస్తాము?" అని అడిగాడు. చాలామంది తలలూపారు. ఎవరూ నవ్వలేదు, నవ్వదగినది కాదు. కన్నులారా ఆయనను చూడవలెనన్నదే గదా మన నిరీక్షణ!

మేము మొదటి కొరింథీయులకు 15వ అధ్యాయము తీశాము. విత్తబడినది చితికిపోతుంది, లేచేది మహిమ గలది. విత్తిన గింజే పైరై లేవదు, దేవుడు తన చిత్తప్రకారము దానికి శరీరమును ఇస్తాడని పౌలు చెప్పుచున్నాడు. సముద్రములో మునిగిపోయిన విశ్వాసులున్నారు. అగ్నిలో కాలిపోయిన హతసాక్షులున్నారు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనలో దేహములు దొరకని మన సహోదరులున్నారు. వారిని లేపగల దేవునికి రెండు కన్నులు కష్టమా? మట్టిలో పెట్టిన కన్ను కొద్ది కాలములోనే మన్నైపోతుంది. మన్నునుండి ఆదామునకు మొదట కన్నులిచ్చినవాడు ఆయనే. తరువాత గలతీయులకు 4:15 చదివాము. సాధ్యమైతే మీ కన్నులు ఊడబీకి నాకు ఇచ్చియుందురు అన్న భావముతో పౌలు ఆ సంఘపు ప్రేమను జ్ఞాపకము చేస్తాడు. ఆ కాలములో అది సాధ్యము కాలేదు. మన కాలములో, మరణము తరువాత, అది సాధ్యమైనది.

వృద్ధుడు ఆలోచిస్తానన్నాడు. అయితే వెనుక వరుసలో చాప మీద కూర్చున్న ఒక విధవరాలు కూటము అయిన తరువాత మా దగ్గరకు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, బ్రతుకంతా ఊడ్పులు, కోతలు. అక్షరము రాదు. "నేను సంతకము పెట్టలేను గానీ అయ్యగారూ, మావోడికి చెప్పేస్తాను. కన్ను మూసినాక నాకెందుకివి?" అన్నది.

2018 ఫిబ్రవరిలో, రాత్రి రెండు గంటలకు ఆమె కుమారుడు ఫోను చేశాడు. "అమ్మ పోయిందండీ" అని, కాసేపు ఆగి, "ఫ్యాను ఆపేశాను. దూది తడిపి పెట్టాను" అన్నాడు. నేత్రనిధివారు తెల్లవారుజామున అయిదున్నరకు ఐసు పెట్టెతో వచ్చారు. వాకిట్లో బంధువులు గొణుగుతూనే ఉన్నారు. కుమారుడు తలుపు దగ్గర నిలువబడి, "మా అమ్మ మాట" అన్నాడు, అంతే. పని అయిన తరువాత ఆడవారు లోపలికి వెళ్లి చూచారు. ముఖము నిద్రపోయినట్లే ఉన్నది. సమాధి కార్యక్రమములో మేము గలతీయులకు వ్రాసిన ఆ వచనమే చదివాము. ఆమె కన్నులు ఎవరికి పెట్టినదీ నేత్రనిధివారు చెప్పరు, అది వారి నియమము. ఆ సంవత్సరము మా సంఘములో మరి ఇద్దరి ఇండ్లనుండి ఆ ఫోను వెళ్లినది. మొదట ప్రశ్న అడిగిన వృద్ధుని భార్య అందులో ఒకరు. ఫోను చేసినది ఆయనే.

వినువారు, చేయువారు

యెహెజ్కేలు 33వ అధ్యాయము చివర ఒక సంగతి ఉన్నది. జనులు గుంపులుగా వచ్చి ప్రవక్త ఎదుట కూర్చుంటారు. శ్రావ్యముగా పాడేవాని పాట విన్నట్లు అతని మాటలు వింటారు. వినుటయే గాని చేయుట లేదు. యాకోబు దానినే అద్దములో ముఖము చూచుకొని వెళ్లి మరచిపోయినవానితో పోల్చాడు (1:22-24). క్లబ్బులోనైనా, గుడిలోనైనా శోధన ఒక్కటే. బాగా మాట్లాడారని చెప్పి ఇంటికి వెళ్లుట చాలా సులువు. చప్పట్లతో కొందరు, ఆమేన్‌తో కొందరు మాట అప్పు తీర్చివేసినట్లు భావిస్తారు.

ఆ మంగళవారములలో మేము ఒకటి గమనించాము. అతిథి మాట ఆ హాలులోనే ఉండిపోతే అది ఇరవై నిమిషముల కాలక్షేపము. విన్నవారిలో ఒకరు దానిని ఇంటికి తీసుకొనిపోయి ఇంటివారికి చెబితే, అది ప్రాణమైనది, చూపైనది. కార్డు గల్లాపెట్టెలో ఉన్నంతకాలము ఎవరికీ చూపు రాలేదు. అక్షరము రాని తల్లి కొడుకు చెవిలో వేసిన మాట ఆరు గంటల లోపల పని చేసినది.

అందుచేత మన సంఘములకు కొన్ని మనవులు. నెలకొక ఆదివారము, ఆశీర్వాదము ముగిసిన తరువాత, ఇరవై నిమిషములు ఒక అతిథికి ఇవ్వండి. దూరమునుండి పెద్ద పేరున్నవారిని తేనక్కరలేదు. మీ ఊరి ఏ.యన్.యం., లైన్‌మన్, వ్యవసాయ శాఖవారు, పశువుల డాక్టరు గారు, పదవ తరగతి పిల్లలకు పాఠము చెప్పే మాస్టారు ఉన్నారు. వారు క్రైస్తవులా కాదా అని ముందుగా విచారించవద్దు. సత్యము చెప్పేవారా అని విచారించండి. వారిని కుర్చీలో కూర్చుండబెట్టండి, మంచినీళ్లివ్వండి, మధ్యలో లేచిపోకుండ వినండి. పరదేశికి ఆతిథ్యము చేయుట మరువవద్దని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక చెప్పుచున్నది (13:2). ఆతిథ్యమంటే అన్నము పెట్టుట ఒక్కటే కాదు, చెవి ఇచ్చుట కూడా.

ప్రసంగము ముగిసిన తరువాత పెద్దలలో ఒకరు లేచి, "రేపు మనము ఏమి చేయవలెను?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు ఒక్కటి దొరికితే చాలును. ఇంటికి వెళ్లి ముసలివారికి, పసివారికి, ఆ రోజు గుడికి రానివారికి అది చెప్పండి. మరుసటి ఆదివారము ఎవరెవరు ఏమి చేశారో పలుకరించండి. కన్నులిచ్చే సంగతి ఇంటిలో ఇంకా మాట్లాడనివారు ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయిన తరువాత మాట్లాడండి. బలవంతము వద్దు, ఎవరి మనస్సాక్షి వారిది. అయితే తెలియక పోగొట్టుకొనే స్థితి మాత్రము ఏ విశ్వాస గృహములోను ఉండకూడదు.

గ్రుడ్డివారికి నేను కన్నులైతినని యోబు తన మంచి దినములను తలంచుకొనెను (29:15). వినుటకు చెవులిచ్చిన ప్రభువు, విన్నదానిని చేయుటకు చేతులను, చెప్పుటకు నోటిని, ఇచ్చుటకు మనస్సును మన గృహములన్నిటిలోను దయచేయును గాక. ఆమేన్.